చూపరి బాధ్యత: గూడ్సుబండిని గురించి కొన్ని ఆలోచనలు

అందమైన వస్తువును చూసి ఆనందించడం తప్పా? ఈ ప్రశ్న వేస్తే ఎవరైనా నవ్వుతారు. పువ్వును చూడడం, కొండను చూడడం, చెరువు మీద వాలుతున్న కొంగలను చూడడం తప్పెట్లా అవుతుంది? కాని మనం చూస్తున్నది పువ్వూ కొంగా కాక మనుషుల కండబలంతో నిండి, మనుషుల నిద్రను మింగి కదిలే వస్తువు అయినప్పుడు, ఆ శ్రమలో చూసేవాడికి ఏ పాలూ లేనప్పుడు ప్రశ్న నవ్వులాటగా ఉండదు. శ్రమను దూరం నుండి చూసి ఆనందించేవాడికి ఆ ఆనందం మీద హక్కు ఎక్కడి నుండి వచ్చింది? ఇది సౌందర్యశాస్త్రానికి సంబంధించిన ప్రశ్నలాగా కనబడుతుంది. నా ఉద్దేశంలో ఇది నీతికి సంబంధించిన ప్రశ్న. దీన్ని గాలిలో చర్చించడం ఇష్టంలేక నాకు బాగా తెలిసిన ఒక ఉదాహరణను తీసుకొంటున్నాను. అది గూడ్సుబండి.

గూడ్సుబళ్లను చూడడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. మా ప్రాంతంలో ఈ అలవాటు తీరడానికి రెండు చోట్లున్నాయి. మొదటిది కుప్పం. జోలార్‌పేట నుండి బెంగళూరు కంటోన్మెంటుకు మద్రాసు రైల్వే కంపెనీ వేసిన దారి 1864లో మొదలయింది. జోలార్‌పేట వదిలిన బండి పచ్చూరు, మల్లానూరు దాటి మైసూరు పీఠభూమి మీదికి ఎగబాకి కుప్పం చేరుతుంది. బరువు బండి ఆ ఎత్తు ఎక్కివచ్చి స్టేషనులో ఆగినప్పుడు, చాలాసేపు పరుగెత్తిన ఎద్దు నిలబడి రొప్పినట్లు ఇనుమంతా రొప్పుతుంది. మద్రాసు రేవు నుండి వైట్‌ఫీల్డుకు పోయే కంటైనర్లు, నూనె ట్యాంకులు, మూసిన బోగీలు, మూతలేని బోగీలు మెయిన్ లైను దొరికేదాకా పక్క లైనులో పడి ఉంటాయి. రెండవది మదనపల్లె రోడ్డు. 1890ల తొలి సంవత్సరాల్లో వేసిన పాకాల – ధర్మవరం మీటరుగేజి దారిలోని స్టేషను ఇది. ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నది గనుక దాని పేరులోనే నిజం ఒప్పుకొన్నారు: ఇది మదనపల్లె కాదు, మదనపల్లెకు పోయే రోడ్డు మాత్రమే. 2010 ప్రాంతంలో ఆ దారి బ్రాడ్‌గేజి అయింది. చిన్న పట్టాలు, చిన్న బోగీలు, వాటిని ఎక్కడికక్కడ విడదీసి కలిపే షంటింగు, నీళ్ల తొట్లు, సిగ్నలు చేతులు అన్నీ పోయాయి.

ఇక పుంగనూరు. ఆ ఊరికి రైలే లేదు. ఒకప్పుడు జమీందారీకి ముఖ్యపట్టణం. పొట్టి ఆవుల జాతికి పేరుపడిన ఊరు. బండి కూత వినాలంటే పుంగనూరు మనిషి ఇంకో ఊరికి పోవలసిందే. అంటే మూడు ఊళ్లు, రైలుతో మూడు రకాల సంబంధం. ఒకదాని నడుమగుండా పోతుంది, ఒకదానికి దూరంగా ఆగుతుంది, ఒకదానికి అసలు రాదు. ఈ తేడాను గుర్తుపెట్టుకొంటే ముందు ముందు పనికివస్తుంది.

చూడడాన్ని గురించి తత్వం చెప్పిన వాళ్లలో ప్రపంచమంతా పేరుపొందిన ఒకాయన మా మదనపల్లెలోనే పుట్టాడు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో ఇక్కడ పుట్టిన మాట, 1929లో తన కొరకే ఏర్పడిన 'ఆర్డర్ ఆఫ్ ది స్టార్'ను తానే రద్దుచేసిన మాట అందరికీ తెలిసినవే. ఆయన జీవితమంతా చెప్పిన దాంట్లో ముఖ్యమైన అంశం ఒకటున్నది. మనం దేన్నీ నేరుగా చూడం. మన జ్ఞాపకాలు, మనం పెట్టుకొన్న పేర్లు, మన అభిప్రాయాలు వస్తువుకూ కంటికీ మధ్య అడ్డునిలుస్తాయి. పేరు పెట్టకుండా, మంచిదని చెడ్డదని ఎంచకుండా చూడగలిగితే చూసేవాడికీ చూడబడేదానికీ మధ్య గోడ ఉండదు. స్థూలంగా ఆయన చెప్పిందిది.

అభ్యుదయవాదులు ఈ మాటను ఒక్క నవ్వుతో తోసివేయడం వాడుక. ఆ వాడుక నాకు నచ్చదు. ఇందులో తీసుకోవలసిన నిజం ఉన్నది. తరగతిగదిలో రైల్వేలను గురించి వ్యాసం రాయమంటే మన విద్యార్థులు ఏం రాస్తారు? బ్రిటిషువాళ్లు ముడిసరుకును రేవులకు తరలించడానికీ, సైన్యాన్ని నడపడానికీ రైళ్లు వేశారని రాస్తారు. రాసింది నిజమే. కాని ఆ రాసిన కుర్రవాడు ఒక్క గూడ్సుబండినయినా నిలబడి చూసి ఉండడు. బోగీ మీద సున్నంతో గీసిన గుర్తు ఏమిటో, తలుపుకు వేసిన సీలు ఏమిటో, చివరి డబ్బాలో ఒంటరిగా కూర్చున్న మనిషి ఎవడో వాడికి తెలియదు. సూత్రం వచ్చినవాడికి వస్తువును చూసే అవసరం తీరిపోతుంది. అప్పుడు మన సూత్రం కూడా కృష్ణమూర్తి చెప్పిన అడ్డుగోడల్లో ఒకటవుతుంది. ఇంతవరకు ఆయనతో నాకు తగువు లేదు.

తగువు ఇక్కడి నుండి. పేరు పెట్టకుండా, ఏమీ తెలుసుకోకుండా, శుద్ధమైన కంటితో గూడ్సుబండిని చూస్తే ఏం కనబడుతుంది? ఇనుము కనబడుతుంది. తుప్పు రంగు కనబడుతుంది. వరుస, లయ, పొడవు కనబడతాయి. లోపల ఏమున్నదో కనబడదు, ఎందుకంటే తలుపులు మూసి ఉన్నాయి. చెట్టును చూసేవాడికి చెట్టు దాచేదేమీ లేదు. మన ఆర్థికవ్యవస్థలో సరుకు స్వభావమే దాచడం. మార్క్సు 1867లో అచ్చయిన 'పెట్టుబడి' మొదటి అధ్యాయంలోనే ఈ సంగతి వివరించాడు. మనుషుల మధ్య ఉన్న సంబంధం వస్తువుల మధ్య సంబంధంగా వేషం వేసుకొని మన ముందుకు వస్తుందన్నాడు. సిమెంటు బస్తా తనను ఎవరు నింపారో చెప్పదు. యూరియా బస్తా తనను ఎవరు మోశారో చెప్పదు. అలాంటి వస్తువును శుద్ధమైన కంటితో చూడడం అంటే, అది వేసుకొన్న వేషాన్నే నిజరూపమని నమ్మడం. చెట్టు దగ్గర వినయమనిపించుకొనే చూపు సరుకు దగ్గర అజ్ఞానం అవుతుంది.

రైల్వేలో పేర్ల సంగతి ఒకటి చెబుతాను. గూడ్సుబండి చివరి డబ్బాలో ప్రయాణం చేసే ఉద్యోగిని నూరేళ్లకు పైగా గార్డు అన్నారు. 2022 జనవరిలో రైల్వే బోర్డు ఆ పేరు తీసివేసి 'ట్రైన్ మేనేజరు' అన్నది. పేరు పెద్దదయింది. బ్రేకువ్యాను అదే, కుదుపు అదే, రాత్రి ఒంటరితనం అదే. పైగా బండి చివర యంత్రం అమర్చి ఆ మనిషినే తొలగించే ప్రయత్నం సాగుతున్నది. పేర్లు మోసం చేస్తాయని కృష్ణమూర్తి అన్నది నిజమని ఇక్కడ రుజువవుతుంది. కాని పేరు చేసిన మోసాన్ని మనం ఎట్లా పట్టుకొన్నాం? పేరు లేకుండా చూసి కాదు. ఆ మనిషి పని గంటలు ఎన్నో, కూర్చునే చోటు ఎట్లాంటిదో తెలుసుకొని పట్టుకొన్నాం. అబద్ధపు పేరుకు మందు మౌనం కాదు, నిజమైన పేరు.

కళాకారుల చూపు సంగతేమిటని అడగవచ్చు. 1877లో ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే పారిస్‌లోని సెయింట్ లజార్ స్టేషనులో కూర్చుని ఇంజన్ల ఆవిరినీ, గాజు కప్పు కింద వెలుతురునూ వరుసగా బొమ్మలు వేశాడు. గొప్ప బొమ్మలవి. అదే 1877లో మద్రాసు రాజధాని ధాత కరువులో ఉన్నది. కడప మీదుగా రాయచూరు పోయే రైలుదారి 1871 నాటికే పూర్తయింది. అంటే రైలు లేక జనం చచ్చిపోలేదు. ధాన్యం రైలెక్కి వచ్చింది. వచ్చిన ధాన్యాన్ని కొనే శక్తి కూలివాడికి లేదు. పైగా రైలు మూలంగా ఒక ఊరి ధర ఇంకో ఊరికి పాకి, ఎక్కడా చవక అనేది లేకుండా పోయింది. సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని నిర్ణయించాడు. అదే కాలంలో రైలు కంపెనీల వాటాదారులకు నూటికి అయిదు వంతున వడ్డీకి సర్కారు హామీ ఉండేది. వానలు పడినా పడకపోయినా ఆ వడ్డీ మన పన్నుల నుండి చెల్లవలసిందే. లండనులో వాటాదారుడి అయిదు రూపాయలకు హామీ ఉన్నది, రాయలసీమ కూలివాడి పిడికెడు గింజలకు లేదు.

ఇది చెప్పడం మోనేను బోనెక్కించడానికి కాదు. ఆయన చూసిన స్టేషను వేరు, మన స్టేషను వేరు. ఒకే సంవత్సరంలో ఒకే యంత్రం ఒకచోట వెలుగుగానూ ఇంకొకచోట ఆకలిగానూ కనబడిందంటే, తేడా యంత్రంలో లేదనీ, అది ఎవరి ఆజ్ఞకు కదులుతున్నదనే దాంట్లో ఉన్నదనీ చూపించడానికే చెబుతున్నాను.

ఈ సందర్భంలో రెండు ప్రసిద్ధమైన అభిప్రాయాలను ఎదురెదురుగా నిలబెట్టి చూడాలి. గాంధీ 1909లో 'హింద్ స్వరాజ్'లో రైళ్లను ఖండించాడు. రైళ్లు ఉండబట్టే ధాన్యం ప్రియమైన బజారుకు తరలిపోతున్నదనీ, కరువులు పెరుగుతున్నాయనీ ఆయన వాదన. మార్క్సు 1853లోనే అమెరికా పత్రికకు రాస్తూ, ఇంగ్లీషు మిల్లు యజమానులు తమ లాభానికే రైళ్లు వేస్తున్నారనీ, అయినా ఆ రైళ్లే ఈ దేశంలో ఆధునిక పరిశ్రమకు దారితీస్తాయనీ అన్నాడు. అంతటితో ఆగలేదు. అధికారం జనం చేతికి వచ్చేదాకా దాని ఫలం జనానికి దక్కదన్నాడు. గాంధీ జబ్బును సరిగా గుర్తించాడు, మందును తప్పు చెప్పాడు. ధాన్యం డబ్బు పిలిచిన దిక్కుకు పోతుందన్నది నిజం. 1981లో అమర్త్యసేన్ కరువుల మీద రాసిన గ్రంథం ఈ నిజాన్నే లెక్కలతో స్థాపించింది: ఆహారం ఉండడం ఒకటి, దాన్ని పొందే హక్కు ఉండడం మరొకటి. కాని పట్టాలు పీకేస్తే ఆ హక్కు రాదు. బండికి దిక్కు చూపేది డబ్బు అయినప్పుడు బండిని తిట్టి ప్రయోజనమేమిటి?

పుంగనూరును గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. పుంగనూరుకు రైలు లేదు గాని, పుంగనూరు రైలుకు దూరంగా లేదు. అక్కడి కొట్లో అమ్మే సిమెంటు, ఎరువు, వంటనూనె ఎక్కడో ఒక గూడ్సుషెడ్డులో దిగి లారీ ఎక్కి వచ్చినవే కావచ్చు. అట్లా రాకపోయినా వాటి ధర మాత్రం అట్లా వచ్చే సరుకు ధరతో ముడిపడే ఉంటుంది. రైలు కనబడని ఊరు ఉన్నది గాని, రైలు తగలని ఊరు లేదు. కనబడనిది లేదనుకోవడం కంటి స్వభావం. తగిలేదంతా కనబడేట్లు చేయడం ఆలోచన పని.

ఇంకో సంగతి. స్వతంత్రం వచ్చిన తొలినాళ్లలో ఈ దేశపు సరుకు రవాణాలో నూటికి ఎనభై వంతులకు పైగా రైలు మీదనే జరిగేది. ఇప్పుడది ముప్ఫై వంతులలోపు. మదనపల్లె టమోటా లారీల మీదనే పోతుంది. 2020 సెప్టెంబరులో అనంతపురం నుండి ఢిల్లీకి కిసాన్ రైలు బయలుదేరినప్పుడు ఫోటోలు తీశారు. ధర పడిపోయిన రోజు టమోటాను రోడ్డు పక్కన పారబోసే రైతుకు మాత్రం రైలు అయినా ఒకటే, లారీ అయినా ఒకటే. కుప్పం స్టేషను చుట్టుపక్కల కూడా మార్పు కనబడుతున్నది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది. గ్రానైటు కోత మిల్లులు వచ్చాయి. పొలాల్లో హద్దురాళ్లు నాటి ప్లాట్లు వేశారు. పక్కనున్న కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. గనులకు పోయే చేతులు ఇప్పుడు తెల్లవారకముందే బండెక్కి బెంగళూరు కట్టడాలకు పోతున్నాయి. నా దగ్గర చదివిన పిల్లలు కూడా ఆ బండిలో కనబడతారు. ఒకప్పుడు ఈ నేల నుండి బంగారం పోయింది, ఇప్పుడు మనుషులే పోతున్నారు. సాయంత్రం మాత్రం తిరిగి వస్తారు.

వెనుకటి రైలు అందంగా ఉండేదని, మీటరుగేజి పోయి అందం పోయిందని బాధపడేవాళ్లున్నారు. బొగ్గు ఇంజను పొగ దూరం నుండి నీలంగా ఉండేది, నిజమే. దాని పొయ్యి ముందు నిలబడి పారతో బొగ్గు వేసిన ఫైర్‌మన్‌కు అది నీలం కాదు. పాతదాన్ని మెచ్చుకొనే ముందు ఆ పాతదాంట్లో మనం ఎక్కడ నిలబడి ఉండేవాళ్లమో ఒకసారి ఊహించుకోవడం మంచిది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. ఈ ప్రాంతంలోని ఒక గూడ్సుషెడ్డు దగ్గర నేను నిలబడి చూస్తూంటే ఒక హమాలీ బీడీ ముట్టించుకొంటూ దగ్గరికి వచ్చాడు.

“ఏంది సార్, ఎవురి కోసం చూస్తాండారు?”

“ఎవరి కోసమూ కాదు. బండిని చూద్దామని వచ్చినా” అన్నాను.

“దాంట్లో చూసేదేముండాది సార్? మాకయితే డబ్బాలెన్నుండాయి, తెల్లారేలోపల అయితాయా కావా, అదే చూపు.”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. లెక్క వేసుకొందాం. ఒక మూసిన బోగీలో సుమారు అరవై టన్నుల సరుకు పడుతుంది. యాభై కిలోల బస్తాలైతే 1,200. అట్లాంటి బోగీలు 42 ఉన్న బండి వస్తే యాభై వేలకు పైగా బస్తాలు. వాటిలో ప్రతి ఒక్కటీ ఒక మనిషి వీపెక్కి దిగవలసిందే. పైగా ఉచితంగా ఇచ్చిన గంటలు దాటితే సరుకుదారుకు డెమరేజి పడుతుంది. అందువల్ల ఆ గంటల్లోపలే బండి ఖాళీ కావాలి. డెమరేజి భయం సరుకుదారుది, దాని బరువు హమాలీ వీపుది. నేను చూసిన పొడవు, లయ అతనికి రాత్రంతా మోయవలసిన బరువు. ఇద్దరమూ చూసింది ఒకే బండిని. నా చూపుకు తీరిక ఉన్నది, అతని చూపుకు లేదు.

ఇక్కడ తొందరపడి రెండు తప్పు నిర్ణయాలకు రావచ్చు. ఒకటి: చూడడం సోమరి పని, దోపిడిలో భాగం, కనుక నిజమైన అభ్యుదయవాది గూడ్సుబండిలో అందం చూడకూడదు అనేది. ఇది సన్యాసి నీతి. నేను కళ్లు మూసుకొంటే హమాలీ వీపు మీది బస్తా ఒక్క తులం కూడా తగ్గదు. రెండు: హమాలీ చూపే నిజమైన చూపు, నాది అబద్ధం అనేది. ఇది వినడానికి గొప్పగా ఉంటుంది గాని, బాగా ఆలోచిస్తే క్రూరమైన మాట. బోగీల లెక్క తప్ప మరేమీ చూడలేని స్థితి ఆ మనిషి ఎంచుకొన్నది కాదు, అతని మీద రుద్దింది. దాన్ని పొగడడం అంటే అతన్ని అక్కడే ఉండిపొమ్మనడం. సత్యజిత్ రాయ్ 1955లో తీసిన 'పథేర్ పాంచాలి'లో ఇద్దరు పేదపిల్లలు రెల్లుపొదల్లోంచి పరుగెత్తిపోయి రైలును చూస్తారు. వాళ్లకు తిండి చాలదు, కాని ఆ కాసేపు వాళ్లు బండిని బండిగా చూశారు. ఆ చూపు పేదవాడికి పుట్టుకతో లేనిది కాదు. అది వాళ్ల దగ్గర నుండి ఎవరో తీసుకొన్నది. పనికి పోయే వయసు రాగానే తీసుకొంటారు.

కనుక తప్పు నా తీరికలో లేదు. ఆ తీరిక నాకుండి అతనికి లేకపోవడంలో ఉన్నది. మార్క్సు 'పెట్టుబడి' మూడో సంపుటంలో స్వేచ్ఛను గురించి పెద్ద మాటలు చెబుతూ చివరికి దానికి పునాదిగా చూపించింది ఏమిటి? పనిదినాన్ని తగ్గించడం! ఇంత చర్చ తర్వాత ఇంత చిన్న మాటా అనిపించవచ్చు. రైల్వే కార్మికులకు అది చిన్న మాట కాదు. 1974 మే 8న మొదలైన అఖిలభారత సమ్మె డిమాండ్లలో ఎనిమిది గంటల పనిదినం ఒకటి. దాదాపు 17 లక్షల మంది కార్మికులున్న సంస్థ అది. వేలమందిని జైళ్లలో పెట్టారు, ఉద్యోగాల్లోంచి తీసివేశారు, క్వార్టర్లలోంచి కుటుంబాలను వెళ్లగొట్టారు. మే 27న సమ్మె విరమించవలసి వచ్చింది. కాని ఆ ఇరవై రోజుల్లో దేశం గూడ్సుబండిని మొదటిసారి నిజంగా చూసింది. రోజూ పోయే బండి కనబడదు, ఆగిన బండి కనబడుతుంది. తలుపులు తెరవకుండానే ఆ బోగీల వెనుక మనుషులున్నారని అందరికీ తెలిసింది. ఏ తత్వవేత్తా నేర్పలేని చూపును ఒక సమ్మె నేర్పింది.

సరుకును ఒకచోట నుండి మరొకచోటికి చేర్చడం కూడా ఉత్పత్తే అని అర్థశాస్త్రం చెబుతుంది. గూడ్సుబండి కదిలే ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీకి ప్రహరీగోడ ఉంటుంది, లోపలికి మనల్ని రానివ్వరు. ఈ ఒక్క ఫ్యాక్టరీ మాత్రం మన ఊరి నడుమగుండా, మన కళ్లముందే పోతుంది. అందువల్ల ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. పిల్లలను ఒకరోజు స్టేషనుకు తీసుకొనిపోండి. ముందు వాళ్లను ఊరికే చూడనివ్వండి. బోగీలు లెక్కపెట్టనివ్వండి, రంగులు చూడనివ్వండి, ఆనందించనివ్వండి. మీ సూత్రంతో వాళ్ల కంటికి అడ్డం రావద్దు. ఆ తర్వాత మూడు ప్రశ్నలు అడగండి: దీన్ని ఎవరు నింపారు? ఎవరు దింపుతారు? ఇది ఎవరు పిలిస్తే పోతున్నది? మొదటి పని చేసి రెండవది చేయకపోతే రసికులు తయారవుతారు. రెండవది చేసి మొదటిది చేయకపోతే పరీక్షలో మార్కులు తెచ్చుకొనే విప్లవకారులు తయారవుతారు. మనకు కావలసింది ఈ ఇద్దరూ కారు.

గూడ్సుబండి అందమైనదేనని నేనిప్పటికీ అంటాను. ఆ మాట అనే హక్కు నాకు ఊరికే రాలేదు, దానికి ఒక షరతున్నది. రాత్రంతా బస్తాలు దింపిన మనిషి తెల్లవారి ఇంటికి పోతూ, ఒళ్లు నొప్పులు లేకుండా, రేపటి కూలి బెంగ లేకుండా, ఒక్క నిమిషం ప్లాట్‌ఫారం చివర నిలబడి, ఖాళీ అయిన బండి కదలడాన్ని ఊరికే చూడగలిగే ఏర్పాటు కోసం పనిచేయాలి. ఆ షరతును ఒప్పుకోనివాడి సౌందర్యదృష్టి, కరువునాటి వాటాదారుడి అయిదు రూపాయల వడ్డీ లాంటిది. హామీ అతనికి, ఖర్చు ఇంకొకరికి.